పన్నెండో జున్ను

భీమడోలులో సూర్యకాంతమ్మ రోజూ తెల్లారగానే దూడని వదిలి, గేదె చేపాక పాలు పిండుతుంది. ఆ రోజు చెంబులో పాలు పచ్చగా, చిక్కగా పడ్డాయి.

"ప్రసన్నా! మళ్ళీ జున్నుపాలేనమ్మా. గూడెంలో ఇంకోటి పుట్టింది" అని కోడలిని కేకేసింది.

వాళ్ళ గేదె ఈని ఏడు నెలలైంది. తాడేపల్లిగూడెంలో ఒక ల్యాబువాళ్ళు దాని చెవి ముక్క కోసుకెళ్ళి, అచ్చం దానిలాంటి దూడల్ని వేరే గేదెల కడుపున పుట్టిస్తున్నారు. అక్కడొకటి పుట్టినప్పుడల్లా ఇక్కడ జున్నుపాలు వస్తాయి. ఆ దూడ చచ్చిపోతే మళ్ళీ మామూలు పాలే. వీధిలో అందరికీ తెలుసు, గిన్నెలు పట్టుకుని వచ్చేస్తారు. ఇదివరకు పదకొండు సార్లు వచ్చాయి. జున్నుపాలుండాల్సిన నాలుగు రోజులూ నిండా వచ్చింది మాత్రం ఒక్కసారే. ఆ బతికిన దూడ మెడలో దండేసి, "మొదటి ప్రయత్నంలోనే విజయం" అని పేపర్లో ఫొటో వేయించుకున్నారు, సిగ్గు లేకుండా! మిగతా పదీ ఏ గోతిలో ఉన్నాయో అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఫొటోలో దూడ పక్కన నవ్వుతూ నిలబడ్డ డాక్టర్ శ్రీరామచంద్ర పొద్దెక్కాక కాగితాలతో దిగాడు. గేదె కోసం కాదు. ఆరు నెలల కిందట ప్రసన్నలక్ష్మి కూతురు శ్రీహిత జ్వరంతో పోయింది. అప్పుడు పరామర్శ పేరుతో ఆసుపత్రికొచ్చి, పాప చర్మం ముక్క తీసి సీసాలో దాచుకున్నాడీ మహానుభావుడు. ఏడుస్తున్న తల్లి దేనికి తలూపిందో ఆమెకే తెలీదు.

"మీ కడుపునే పుడుతుందండీ. అదే ముఖం, అదే నవ్వు. చట్టం ఒప్పుకోదు కాబట్టి బయట అనకండి. ఇక్కడ సంతకం చాలు."

ప్రసన్న పెన్ను అందుకుంది. పాప గౌను తలకింద పెట్టుకుని పడుకునే మనిషి, ఎందుకు అందుకోదు?

సూర్యకాంతమ్మ బెల్లం, మిరియాలు వేసి వండిన జున్ను తెచ్చి డాక్టరు ముందు పెట్టింది.

"బ్రహ్మాండంగా ఉందండీ! గేదె ఎప్పుడు ఈనింది?"

"మాది ఇప్పుడు ఈనలేదండీ. పొద్దున మీ దగ్గర పుట్టిందిగా, దాని జున్నే. పన్నెండోది."

డాక్టరు చేతిలో స్పూను ఆగింది. "అవునండీ, పుట్టింది. ఊపిరే సరిగా అందట్లేదు. నిలబడనివీ ఉంటాయి. సైన్సులో మామూలే."

"వాటికి పేర్లు పెడతారాండీ?" ప్రసన్న అడిగింది.

"పేర్లెందుకండీ, నంబర్లుంటాయి."

"మరి నా కడుపున పుట్టి పోయేవాళ్ళలో, ఎన్నో నంబరుకి శ్రీహిత అని పేరు పెట్టుకోమంటారు?"

ప్రసన్న పెన్ను కింద పెట్టేసింది. "నా బిడ్డ ముక్క నాకిచ్చెయ్యండి."

అత్తాకోడళ్ళు అతని కారులోనే గూడెం వెళ్ళి, సీసా చేతికిచ్చేదాకా ల్యాబు గుమ్మం వదల్లేదు. సాయంత్రం ఆ ముక్కని ఏలూరు కాలవలో కలిపారు. ఆరు నెలల్లో మొదటిసారి ప్రసన్న గొంతెత్తి ఏడ్చింది.

మర్నాడు గేదె మామూలు పాలిచ్చింది. గిన్నెలతో వచ్చినవాళ్ళు చెంబులోకి చూసి వెనక్కి వెళ్ళిపోయారు.