థాంక్స్ లెక్క

డంకన్ హోల్‌రాయిడ్ తన పదహారేళ్ళ కూతుర్ని ఎక్కడ చదివించాలో తేల్చడానికి సొంతంగా ఒక పద్ధతి కనిపెట్టాడు. టాబితా చదివే బడి పదహారేళ్ళతో సరి. ఆపై రెండేళ్ళ సిక్స్త్ ఫారమ్ చదువుకి ఇంకో చోటు వెతుక్కోవాలి. హాజెల్‌డెన్‌లో మిగతా తండ్రులు ఇలాంటప్పుడు పరీక్ష ఫలితాలు చూస్తారు, పక్కింటివాళ్ళని అడుగుతారు, ఏమీ తోచకపోతే గోడలకి రంగులు ఎప్పుడు వేశారో చూసి వస్తారు. డంకన్ మాత్రం అక్కడి పిల్లలు బస్సు దిగేటప్పుడు డ్రైవరుకి థాంక్స్ చెబుతున్నారా లేదా అని చూశాడు. ఇరవై రెండేళ్ళుగా బస్సు నడుపుతున్నవాడికి అంతకన్నా గట్టి పరీక్ష లోకంలో ఉందనిపించలేదు మరి.

ఆ ఊళ్ళో ఎవరైనా సరే డ్రైవరుకి థాంక్స్ చెప్పే దిగుతారు. ఏ చట్టంలోనూ రాసి లేదు, ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. వానలో అరగంట నిలబెట్టిన బస్సుని దారి పొడుగునా తిట్టిపోసినవాడు కూడా దిగేటప్పుడు థాంక్స్ అంటాడు. అనకుండా దిగినవాడి వీపు వంక బస్సు బస్సంతా చూస్తుంది.

చూడవలసిన చోట్లు రెండే. ఒకటి సెయింట్ ఆల్డ్రెడ్స్. అక్కడ కోటూ టై ఉండాలి, జుట్టు చెవులు దాటకూడదు. డంకన్ నడిపే పదిహేడో నంబరు బస్సు సరిగ్గా దాని గేటు ముందే ఆగుతుంది. రెండోది లోయకి అవతలున్న బ్రాక్‌వెల్ కాలేజీ. అక్కడ పిల్లలు తోచిన బట్టలు వేసుకుంటారు, మాస్టర్లని పేరు పెట్టి పిలుస్తారు. దానికి వెళ్ళేది నలభై రెండో నంబరు. దాన్ని నడిపేది క్లైవ్ ఆర్మరాడ్.

టాబితాకి రాళ్ళ పిచ్చి. చూసిన రాయల్లా తన పసుపుపచ్చ సంచిలో వేసుకొస్తుంది. కిటికీ గట్టు మీద నిండిపోయి, ఇప్పుడు వాళ్ళమ్మ వంటింటి డబ్బాల్లోకి పాకాయి. బ్రాక్‌వెల్‌లో భూగర్భశాస్త్రం చెబుతారు, ఆల్డ్రెడ్స్‌లో చెప్పరు. బుద్ధున్న ఇంట్లో అయితే ముచ్చట అక్కడితో ముగిసిపోవాలి.

"ఆల్డ్రెడ్స్ పిల్లలు ముప్ఫై నలుగురిలో ముప్ఫై ఒక్కరు థాంక్స్ చెప్పారు," అన్నాడు డంకన్, సాయంత్రం బల్ల దగ్గర మాంసం కూరిన పై రొట్టె కోసుకుంటూ. "నలభై రెండు మీద నాకు మూడు రోజులు బదిలీ డ్యూటీ వేశారు కదా, అప్పుడు చూశాను. బ్రాక్‌వెల్ వాళ్ళు నలభై మందిలో ఆరుగురు. అందులో ఒకడు ఫోన్లో ఇంకెవరికో చెబుతున్నాడేమోనని నా అనుమానం."

"అయితే పిల్ల చదువు నీ బస్సు మెట్ల మీద తేలుతుందన్నమాట," అంది అతని భార్య లినెట్.

"మర్యాద లేని చోట చదువేం వస్తుంది?"

టాబితా బఠాణీలు కెలుకుతూ తల ఎత్తకుండానే అంది. "ఆల్డ్రెడ్స్ స్టాపులో రోజూ గొడుగేసుకుని ఒక లావుపాటి మాస్టారు నిలబడతాడు, చూశావా నాన్నా?"

"చూడకేం. వాన పడకపోయినా గొడుగేసుకుంటాడు."

"థాంక్స్ చెప్పని వాళ్ళ పేర్లు రాసుకుంటాడు. సాయంత్రం బడయ్యాక వాళ్ళని గంటసేపు కూర్చోబెడతారు."

ఆయన ఎవరికోసమో ఎదురుచూస్తున్నాడని డంకన్ ఇన్నేళ్ళూ జాలిపడ్డాడు. "భయపడి చెప్పినా థాంక్స్ థాంక్సే," అని గొణిగాడు.

"నీవన్నీ కాకిలెక్కలు," అంది లినెట్.

అసలు సంగతి థాంక్సులు కావు. డంకన్ చీకటితోనే డ్యూటీకి వెళతాడు, రాత్రి తొమ్మిదికల్లా పడుకుంటాడు. మధ్యలో దొరికేది ఆ బల్ల దగ్గర అరగంట. ఒకప్పుడు మెడ మీదెక్కి ఊరంతా తిరిగిన పిల్ల, మూడేళ్ళుగా చెవుల్లో ఏవో పాటల బిరడాలు పెట్టుకుని, ఆఁ, ఊఁ, ఏమో అన్న మూడు ముక్కలతో సంసారం నెట్టుకొస్తోంది. ఆల్డ్రెడ్స్‌లో చేరితే రోజూ ఏడూ యాభైకి వీధి చివర అతని బస్సే ఎక్కుతుంది. పాతిక నిమిషాలు అందులోనే ఉంటుంది. అలా రెండేళ్ళు. ఆ తర్వాత ఎటో వెళ్ళిపోతుంది, ఇక దొరకదు. డంకన్‌కి కావలసింది ఆ పాతిక నిమిషాలు.

ఆ మాట పైకి అనొచ్చు కదా అంటే, అనడు. హోల్‌రాయిడ్ మగవాళ్ళు కావలసింది నోరు తెరిచి అడిగిన పాపాన పోలేదు. డంకన్ తండ్రి కాలు విరిగి మెట్ల కింద పడి ఉన్నప్పుడు, పక్కింటావిడ వచ్చి ఏమైనా సాయం కావాలా అంటే, తొందరేం లేదమ్మా అన్నాడు. అదీ ఆ వంశం.

నవంబరులో ఒక సాయంత్రం, చేరదలుచుకున్న పిల్లలు తల్లిదండ్రులతో వచ్చి చూసుకోవచ్చని బ్రాక్‌వెల్ కాలేజీ కబురు పంపింది. లినెట్‌కి కళ్ళజోళ్ళ దుకాణంలో పని తెమిలేలా లేదు.

"నువ్వే తీసుకెళ్ళు," అంది భర్తతో. "వెళ్ళి కళ్ళు తెరుచుకుని చూడు. నోరు మాత్రం తెరవకు."

కారు బాగుచేయించడానికి ఇచ్చారు. నలభై రెండు ఎక్కక తప్పలేదు. స్టాపుకి వచ్చిన బస్సులో, ఖర్మ కొద్దీ, క్లైవ్ ఆర్మరాడే కూర్చుని ఉన్నాడు.

క్లైవ్‌కీ డంకన్‌కీ పదకొండేళ్ళుగా మాటల్లేవు. రోజూ ఉదయం ఎనిమిదీ పన్నెండుకి మిల్లు వంతెన దగ్గర పదిహేడు, నలభై రెండు ఎదురెదురుగా వస్తాయి. ఎదురుపడ్డ డ్రైవర్లు స్టీరింగు మీది నుంచి చెయ్యెత్తి పలకరించుకోవడం అక్కడి రివాజు. పదకొండేళ్ళ కిందట ఒక పొద్దున్న డంకన్ చెయ్యెత్తాడు, క్లైవ్ ఎత్తలేదు. డంకన్‌కి తల కొట్టేసినట్టయింది. మర్నాడు క్లైవ్ ఎత్తాడు, డంకన్ ఎత్తలేదు. ఆనాటి నుంచి ఇద్దరూ ఆ వంతెన దగ్గరికి రాగానే మెడలు పట్టేసినవాళ్ళలా తిన్నగా ముందుకే చూస్తారు. డిపోలో టీ తాగే గదిలో కూడా చెరో మూలా కూర్చుంటారు.

డంకన్ కిమ్మనకుండా బస్సెక్కాడు. కాలేజీ ముందు కిమ్మనకుండా దిగాడు. వెనకాలే దిగుతూ టాబితా "థాంక్స్" అంది. రోడ్డు మీదికి వచ్చాక తండ్రి మొహంలోకి చూసింది.

"నువ్వు చెప్పలేదు."

"ఏం చెప్పలేదు?"

"థాంక్స్. నలభై మందిలో ఆరుగురే చెప్పారని ఊదరగొట్టావే."

"అతను క్లైవ్."

"బస్సు నడపలేదా మరి?"

డంకన్ గేటు వైపు నడిచాడు.

లోపల జనం తిరునాళ్ళలా ఉన్నారు. ప్రతి బల్ల దగ్గరా ఒక మాస్టారు నవ్వుతూ నిలబడి, చేతికందిన వాడికల్లా కలాలు పంచుతున్నాడు. వద్దంటే బావుండదని డంకన్ ఇచ్చినవన్నీ తీసుకున్నాడు. భూగర్భశాస్త్రం బల్ల చేరేసరికి జేబులో పదకొండు కలాలు, ఒక స్పాంజి గొర్రెపిల్ల ఉన్నాయి. ఆ బల్ల వెనక బురద బూట్లతో, నెరిసిన జడతో ఒకావిడ నిలబడి ఉంది.

"మేడమ్, మీ పిల్లలు బస్సు దిగేటప్పుడు..." అని మొదలుపెట్టాడు డంకన్.

"రొవీనా అనండి చాలు," అంటూ ఆవిడ ఒక పళ్ళెం ముందుకి తోసింది. "ఈ రెంటిలో ఒకటి ఎముక, ఇంకోటి ఉత్త రాయి. నాలిక ఆనించి చూడండి. ఎముక అయితే అతుక్కుంటుంది." ఇంతలో ఇంకెవరో పిలిస్తే అటు తిరిగింది.

టీచరమ్మ నాలిక ఆనించమంది. కాదంటే మర్యాద కాదు. కానీ పళ్ళెంలోని రాళ్ళు రెండూ గరుగ్గా కనిపించాయి. పక్కనే గుడ్డ మీద నల్లగా, నున్నగా ఇంకోటి ఉంది. నాకక తప్పనప్పుడు కాస్త శుభ్రంగా ఉన్నదే నయమనుకుని డంకన్ దాన్ని తీసుకున్నాడు. ఒకసారి నాకాడు. సరిగ్గా తెలియక ఇంకోసారి, ఈసారి నిదానంగా నాకాడు.

"అతుక్కోలేదండీ," అన్నాడు వినయంగా.

రొవీనా ఇటు తిరిగి చూసింది. ఆవిడ మొహంలో రంగులు మారాయి. "అది పళ్ళెంలోది కాదండీ."

"మరి?"

"ముప్ఫై కోట్ల ఏళ్ళ కిందటి చేప పెంట. రాయైపోయిందనుకోండి, పరవాలేదు."

డంకన్ ఆ రాయిని భద్రంగా గుడ్డ మీద పెట్టేశాడు. చేతిరుమాలుతో పెదాలు తుడుచుకున్నాడు. "చాలా బావుంది," అన్నాడు. "థాంక్స్."

పక్కన ఏదో కూలినట్టు చప్పుడైంది. చూస్తే టాబితా. బల్ల అంచు పట్టుకుని వంగిపోయి, ఊపిరాడక, కళ్ళ నీళ్ళు కారుతుండగా నవ్వుతోంది. ఆ నవ్వు డంకన్ విని మూడేళ్ళయింది. మళ్ళీ నవ్వుతుందంటే ఇంకో పెంట నాకడానికైనా అతను సిద్ధమే. నవ్వాగాక ఆ పిల్ల ఎముకని ఇట్టే పట్టేసింది, రొవీనాతో అరగంట కబుర్లు చెప్పింది. అందులో ఆఁ, ఊఁ, ఏమో ఒక్కటీ లేవు. డంకన్ పక్కన నిలబడి అంతా విన్నాడు. ఒక్క ముక్కా అర్థం కాలేదు. అర్థమయింది ఒక్కటే, తన లెక్క తప్పింది.

తిరుగు బస్సు కోసం స్టాపులో నిలబడ్డారు. వాన మొదలైంది.

"చేప పెంట పెట్టినావిడకి థాంక్స్ చెప్పావు," అంది టాబితా. "క్లైవ్‌కి చెప్పలేదు."

"ఇక వదిలెయ్యవే తల్లీ."

"నిజం చెప్పు నాన్నా. ఆల్డ్రెడ్స్ ఎందుకు?"

డంకన్ వాన వంక చూశాడు. బస్సు వస్తే బావుండునని చూశాడు. రాలేదు. "పదిహేడు అక్కడికే వెళుతుంది," అన్నాడు చివరికి.

"అయితే?"

"నువ్వు ఎక్కుతావు కదా అని."

టాబితా తండ్రి వైపు తిరిగింది. "నీ బస్సులో డ్రైవరుతో మాట్లాడరాదని బోర్డు ఉంటుంది కదా."

"మాట్లాడక్కర్లేదు. అద్దంలో కనిపిస్తే చాలు." డంకన్ కోటు కాలరు పైకెత్తుకున్నాడు. "పొద్దున్న నేను వెళ్ళేసరికి నిద్రపోతుంటావు. సాయంత్రం ఊఁ అంటావు. నిన్ను చూడక నాకు బెంగగా ఉంటోంది, అంతే."

ఆ మాట బయటికి వచ్చేసింది. డంకన్ నాలిక కరుచుకున్నాడు గానీ ఇక లాభం లేదు. టాబితా చెవుల్లోంచి బిరడాలు తీసి జేబులో వేసుకుంది. తండ్రి చెయ్యి పట్టుకుంది. బస్సు వచ్చేదాకా వదల్లేదు.

"నాకు బ్రాక్‌వెల్ కావాలి నాన్నా," అంది మెల్లగా.

"తెలుసు. చూశాను కదా," అన్నాడు డంకన్. "దరఖాస్తులో అదే రాసెయ్."

వచ్చిన బస్సులో మళ్ళీ క్లైవే. వీధి చివర దిగేటప్పుడు డంకన్ తలుపు దగ్గర ఆగాడు. నోరు తెరిచాడు, మూసేసి దిగాడు. వెనకాల టాబితా గొంతు వినిపించింది. "రెండు థాంక్సులండీ. ఒకటి మా నాన్నది." క్లైవ్ తిన్నగా ముందుకే చూస్తూ గేరు మార్చాడు.

ఆగస్టులో టాబితా పరీక్ష ఫలితాలు వచ్చాయి. బ్రాక్‌వెల్ అడిగిన దానికన్నా మెరుగ్గానే వచ్చాయి. సెప్టెంబరు మొదటి సోమవారం డంకన్ ఎప్పటిలాగే చీకటితో వెళ్ళిపోయాడు. ఏడూ యాభైకి వీధి చివర ముగ్గురు ఎక్కారు. అద్దంలో ఆ ముగ్గురినీ చూసి, తలుపు మూసి, బస్సు కదిలించాడు. అంతకన్నా చేసేదేముంది.

ఎనిమిదీ పన్నెండుకి మిల్లు వంతెన దగ్గర నలభై రెండు ఎదురొచ్చింది. అలవాటు కొద్దీ డంకన్ మెడ బిగించాడు. అప్పుడు ఆ రెండంతస్తుల బస్సు పై అంతస్తులో, అద్దం వెనక, ముందు సీట్లో పసుపుపచ్చ సంచి కనిపించింది. దాని పక్కన టాబితా లేచి నిలబడి, రెండు చేతులూ ఊపుతోంది. డంకన్ చెయ్యి తనంతట తానే స్టీరింగు మీది నుంచి లేచింది. బాగా పైకి లేచింది, వేళ్ళన్నీ చాచి ఊపింది కూడా. కింద క్లైవ్ ఆర్మరాడ్ నోరు తెరుచుకుని చూశాడు. ఆ తర్వాత అతనూ చెయ్యెత్తాడు.

పది గంటలకి డిపోలో డంకన్ తన మూలకి వెళ్ళి కూర్చున్నాడు. క్లైవ్ రెండు కప్పులు పట్టుకుని వచ్చి ఒకటి అతని ముందు పెట్టాడు, ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు.

"పదకొండేళ్ళు పట్టింది నీకు," అన్నాడు. "ఆ రోజు నాకు తుమ్ము వచ్చిందయ్యా. తుమ్మేవాడు చెయ్యెలా ఎత్తుతాడు?"

ఆ చెయ్యి నీకు కాదు, పైన మా అమ్మాయికి అని చెబుదామని డంకన్ నోరు తెరిచాడు. టీ పొగలు కక్కుతోంది. చక్కెర కూడా సరిగ్గా రెండు చెంచాలే వేసుకొచ్చాడు దొంగవెధవ, పదకొండేళ్ళయినా మర్చిపోలేదు.

"థాంక్స్," అన్నాడు డంకన్.

"ఆ పసుపు సంచి పిల్ల మీ అమ్మాయే కదూ? ఇవాళ దిగేటప్పుడు థాంక్స్ చెప్పింది. దాని వెనకాల దిగినవాళ్ళు చూసి వాళ్ళూ చెప్పారు. తొమ్మిది మంది."

"వారం తిరిగేసరికి పదమూడు మంది అవుతారు చూడు," అన్నాడు డంకన్. కప్పు ఎత్తి టీ తాగాడు.

మర్నాడు ఎనిమిదీ పన్నెండుకి వంతెన దగ్గర అతను రెండుసార్లు చెయ్యెత్తాడు. ఒకటి పైకి, ఒకటి కిందికి.