రోజుకు పన్నెండు పారాచూట్లు

బ్యాంకులో అందరూ ఆమెను భూతద్దం అంటారు. అప్పు అడిగిన కంపెనీ ఆర్థికంగా ఎలా ఉందో, పోటీలో నిలబడగలదో లేదో తేల్చి రాయడం ఆమె ఉద్యోగం. ఈసారి వెళ్లింది సైన్యానికి పారాచూట్లు కుట్టే ఫ్యాక్టరీకి. ఆమె సరేనంటేనే అప్పు. అప్పు పుడితేనే వచ్చే టెండరుకు గుడ్డ కొనగలరు. లేకపోతే రెండు వందల మంది పనివాళ్లూ ఇంటిదారి పట్టాల్సిందే.

లెక్కలు చూపించింది అల్లుడుగారు. యజమానురాలికి ఒక్కగానొక్క అల్లుడు, ఏడాదిగా ఫ్యాక్టరీ పెత్తనమంతా ఆయనదే. చొక్కా ఇస్త్రీ నలగని మనిషి. లెక్కలూ అలాగే ఉన్నాయి. అప్పులు తగ్గాయి, లాభం పెరిగింది, మనిషికి రోజుకు ఎనిమిది పారాచూట్లు మడిచే చోట ఇప్పుడు పన్నెండు మడుస్తున్నారు.

"మన పోటీవాళ్లు తొమ్మిది దాటలేక తలలు పట్టుకుంటున్నారండీ!" అంటూ చంకలు గుద్దుకున్నాడు.

ఇంత అందమైన లెక్కలు కనబడితే భూతద్దానికి ఒళ్లు మండుతుంది. అదో జబ్బు. తిన్నగా మడతల షెడ్డుకు నడిచింది. చివరి బల్ల దగ్గర ఒక పెద్దావిడ చకచకా తాళ్లు సర్దుతోంది.

"పిన్నిగారూ, ఎనిమిది కాస్తా పన్నెండు ఎలా అయ్యాయి? కొత్త మెషీన్లు వచ్చాయా?"

"మెషీన్లా, నా తలకాయా! దూకడం ఎత్తేశారుగా."

"దూకడమేంటి?"

"నెలనెలా చీటీలు తీసేవాళ్లమ్మా. ఎవరి పేరొస్తే వాళ్లు తాము మడిచిందొకటి తగిలించుకుని విమానంలోంచి దూకాలి. పెద్దమ్మగారు పెట్టిన పద్ధతి. నేనే ఆరుసార్లు దూకాను. ఆ భయంతో ప్రతి తాడూ మూడేసిసార్లు తడిమేదాన్ని. ఇప్పుడు ఒక్కసారే." ఆవిడ గొంతు తగ్గించింది. "నిజం చెప్పొద్దూ, తలుచుకుంటే ముద్ద దిగట్లేదు."

భూతద్దం లెక్కల కాగితాలు మళ్లీ తిరగేసింది. విమానం అద్దె, బీమా కలిపి చూస్తే, పెరిగిన లాభం సరిగ్గా అంతే! పరుగులాంటి నడకతో యజమానురాలి గదికి వెళ్లి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. డెబ్బై దాటి, ఏడాదిగా షెడ్ల వైపే వెళ్లని ఆ పెద్దమ్మగారు అల్లుణ్ణి పిలిపించింది.

అతను నీళ్లు నమిలాడు. "దండగ ఖర్చని ఆపేశానత్తయ్యా. ఎనిమిది నెలల్లో ఒక్క ఫిర్యాదైనా వచ్చిందా?"

"ఫిర్యాదు చెయ్యాలంటే వాడు ప్రాణాలతో కిందికి రావాలి కదా బాబూ! సరే, స్టోర్లోంచి నీకు నచ్చింది ఒకటి తెచ్చుకో. రేపు పొద్దున్నే నువ్వూ నేనూ దూకుదాం."

అల్లుడుగారు రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆవిడ ఇక అతని వంక చూడలేదు. సైన్యం వాళ్లకు ఫోన్ చేసింది. "ఎనిమిది నెలల సరుకూ వాడకుండా వెనక్కి పంపించండి. మళ్లీ మడిచి ఇస్తాం. ఖర్చు మాదే." ఏడాది లాభం ఆ ఒక్క ఫోన్‌తో ఊడ్చిపెట్టుకుపోయింది.

"రాసుకోమ్మా, మా ఖర్మ. ఇక అప్పు ఇవ్వరని నాకు తెలుసు," అంది.

"మీ పోటీవాళ్లు ఎప్పుడైనా ఇలా దూకుతారా అండీ?"

"వాళ్లకంత పిచ్చి లేదులే."

భూతద్దానికి ఆ ముసలమ్మ మీద ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది. అక్కడే కూర్చుని రిపోర్టు రాసింది. ఈ ఏడు లాభం: సున్నా. పోటీలో బలం: ఎదురు లేదు. అప్పు ఇవ్వవచ్చు. షరతు ఒక్కటే, ఇకమీదట చీటీల్లో అల్లుడుగారి పేరు కూడా వెయ్యాలి.