రవ్వ ముద్ద

తాతలు కూలికొచ్చి స్థిరపడిన దీవిలో, మాంటాన్ బ్లాంష్ చెరకు తోటలో అప్పయ్య పదకొండో వరుస నరుకుతుండగా మిల్లు కూత పెట్టింది. కత్తి వదిలేసి చాలులో బోర్లా పడుకున్నాడు. పక్క వరుసల వాళ్లు మొదట్లో నవ్వేవారు. ఇప్పుడు చూడనట్టు నరుక్కుంటూ పోతున్నారు. కూత ఆగాక లేచి, మోకాళ్ల మట్టి దులుపుకుని మళ్లీ కత్తి పట్టాడు.

యుద్ధం నుంచి వచ్చి రెండేళ్లయింది. బస్రా రేవులో మూటలు దింపే పనేనని నచ్చజెప్పి పంపింది మేనమామ సూరన్నే. ఊరి రామభజనకు ఆయనే పెద్ద. "వెళ్లిరా, నీ మద్దెల ఎవరూ ముట్టరు" అన్నాడు. అక్కడ అప్పయ్య మూటలు మోసింది పదిరోజులే. తర్వాత జ్వరాల పాకల్లోంచి శవాలు మోశాడు. ఒక్కో గుంటలో ఐదుగురు, నోట్లో నీటిచుక్క పోసే దిక్కు లేదు. తమ ఊరి ముత్తయ్యనూ అలాగే పూడ్చాడు.

తిరిగొచ్చాక తోట ఆసుపత్రి దొర అతని వణికే చేతులు చూసి, "నువ్వు సిపాయివి కూడా కాదు, నీకెందుకు భయం?" అన్నాడు. ముత్తయ్యను పూడ్చిన సంగతి ఒక్క మామకే చెప్పుకున్నాడు. వారం తిరక్కుండా ఊరంతా పాకింది. ముత్తయ్య తల్లి అమ్మాయమ్మ అతన్ని చూస్తే తలుపు వేసుకునేది. శవాలు మోసిన చేయి భజనలో కూడదన్నారు. గుండు కొట్టించుకుని శుద్ధి చేయించుకున్నాడు. అయినా భజన జరిగే శనివారం రాగానే "వచ్చేవారం చూద్దాంలే" అనేవాడు మామ. వెర్రివాడు, అదీ నమ్మాడు. ఇంట్లో పీట మీద దరువు వేసినంతసేపూ ఆ చేతులు వణికేవి కావు. మద్దెల దక్కితే మళ్లీ మనిషినవుతానని అతని ఆశ.

ఈ శనివారమూ పని దిగి స్నానం చేశాడు. మద్దెల ఎడమ మూతకు అంటించే రవ్వ తడిపి, మెత్తగా పిసికి, అరటాకులో చుట్టుకుని భజన పాకకు వెళ్లాడు. దీపం చుట్టూ జనం అప్పుడే చేరుతున్నారు. మద్దెల సూరన్న కూతురి మొగుడు గోపాలు ఒళ్లో ఉంది.

"మామా, రవ్వ తెచ్చాను."

"పెట్టేశాం రా. ఇకనుంచి వాడే వాయిస్తాడు. పా మో ఫోత్, అప్పయ్యా," అని దీవి మాటలో అన్నాడు సూరన్న. "నా తప్పేం లేదు. మనోళ్లు ఒప్పుకోలా."

"మనోళ్లకి చెప్పిందెవరు, మామా?"

సూరన్న తలెత్తకుండా దీపం వత్తి సర్దాడు. గోపాలు మద్దెల మీద గట్టిగా ఒక దెబ్బ వేశాడు. అప్పయ్య ఈసారి బెదరలేదు. పొట్లం గడప పక్కన పెట్టి, మహేబోర్గ్ రేవు వైపు బండ్లు పోయే దారి పట్టాడు. మళ్లీ ఆ ఊళ్లో అతన్ని చూసినవాళ్లు లేరు.

మర్నాడు పాక ఊడవడానికి వచ్చిన బాలమ్మ ఆ పొట్లం విప్పింది. రవ్వ ముద్ద ఎండి బీటలు వారింది. అయినా దాని మీద అతని ఐదు వేళ్ల గుర్తులూ ఎక్కడా చెదరకుండా ఉన్నాయి.