కుర్చీ వెనక మనిషి

నా కొడుక్కి కంప్యూటర్ రాదు. వచ్చునని మా బోగోలు ఊరంతా అనుకుంటుంది. నిజానికి వచ్చింది నా కోడలు షారన్‌కి.

మా ముందుగదిలో నెట్ సెంటర్ ఉంది. బోర్డు మీద సుశీల్ కుమార్ అని నా కొడుకు పేరు. హాల్ టికెట్లు, పొలం అడంగళ్లు, రైలు టికెట్లు, ఉజ్జీవ సభల కరపత్రాలు, అన్నీ అక్కడే. పొద్దున షట్టరు ఎత్తేది షారన్. ఉప్పుగాలికి పట్టిన తుప్పు గీకి నూనె వేసేది షారన్. ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం లాగేది షారన్. వచ్చిన మనిషి మాత్రం గుమ్మంలో నిలబడి "సారు లేడామ్మా?" అంటాడు. సారు పడుకుని ఉంటే లేపాలి. సారు వచ్చి కుర్చీలో కూర్చుంటాడు. ఈమె కుర్చీ వెనక నిలబడి ఎక్కడ నొక్కాలో చెబుతుంది. అతను నొక్కుతాడు. పని అయ్యాక వచ్చిన మనిషి సారుకు దండం పెట్టి వెళ్తాడు.

నా భార్య రెబెక్కమ్మ పోయినప్పటినుంచి వంటింట్లో సగం పని నాది. నేను చింతపండు గింజలు తీస్తుంటే షారన్ బియ్యం కడుగుతూ మాట్లాడుతుంది. ఆమె లోపల ఏముందో నేను రాస్తున్నానంటే, ఆమె చెప్పింది కాబట్టి. నాది ఊరిబడి చదువు. కల్పించడం చేతకాదు.

కుర్చీ వెనక నిలబడితే ముందు నడుం కాదు, గొంతు నొప్పి పుడుతుందట. తెలిసిన మాటను తెలియనట్టు చెప్పాలి కదా. 'ఆ మూల నొక్కండి' అంటే అతని మెడ బిగుసుకుంటుంది. 'ఆ మూల నొక్కితే వస్తుందేమో చూడండి' అంటే చెయ్యి కదులుతుంది. అందుకని ప్రతి మాట చివరా ఒక 'ఏమో' తగిలించడం పెళ్లయిన ఏడాదిలోనే అలవాటయింది. బీకాం కంప్యూటర్స్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల, తన ఇంట్లో తనకు వచ్చిన పనిని అనుమానంగా పలకడం నేర్చుకుంది. తర్వాత తర్వాత అది కంప్యూటర్ దగ్గరే ఆగలేదు. పులుసులో ఉప్పు సరిపోయిందేమో. తలనొప్పిగా ఉందేమో. ఒకరోజు చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచి, దేవుడు నాకు మేలు చేశాడేమో అనబోయి నాలుక కరుచుకుందట. ఆ మాట చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పోయిన ఏడాది చివర్లో, పాత విండోస్‌కు కంపెనీ మద్దతు ఆగిపోయిందని తెర మీద రోజూ కనిపించడం మొదలైంది. మా కంప్యూటర్ కొత్త విండోస్‌ను మోయగలదో లేదో చూడాలి. చూసి చెప్పే చిన్న ప్రోగ్రాం ఉంది. సుశీల్ దాన్ని నడిపాడు. ఎర్ర గుర్తు వచ్చింది. కింద ఏం రాసి ఉందో చదవకుండా మూసేశాడు. కొత్త కంప్యూటర్ కొనే మాటే లేదన్నాడు. కావలిలో పాత కంప్యూటర్లు కొనే రాజ్ కుమార్‌కు ఫోన్ చేశాడు. ముందుగది రొయ్యల దాణా మూటలు పెట్టుకోవడానికి ఇస్తానని జయరామయ్యకు మాటిచ్చాడు. అన్నం తింటూ భార్యతో, "ఇంక నీగ్గూడా విశ్రాంతే. వంట చూసుకుంటే చాలు" అన్నాడు.

ఆ విశ్రాంతి అంటే ఏమిటో ఆమెకు అర్థమైంది. ఆ గది పోతే తనకు మిగిలేది పొయ్యి ఒక్కటే.

అతను మూసేసిన పేజీని షారన్ తెరిచి చివరిదాకా చదివింది. ప్రాసెసర్ సరిపోయింది. మెమరీ సరిపోయింది. భద్రతకు కావలసిన చిప్పు ఒక్కటే దొరకలేదని ఉంది. డబ్బా కింద అంటించిన కాగితంలో మోడల్ నంబరు చూసి వెతికింది. చిప్పు లోపలే ఉంది. తయారైనప్పటినుంచి ఆపి పెట్టి ఉంది. ఆన్ చేస్తే చాలు.

అతనికి చెప్పింది. "లోపల ఆపి పెట్టుండారేమో. ఆన్ చేస్తే సరిపోతుందేమో."

"ఏమో ఏమో అంటే ఎట్లా? తెలిసినోడు రాజ్ కుమార్ వస్తాడు గదా. నువ్వు కూర చూడు."

ఆమె ఒక్కతే ఆ పని చేసుకోవచ్చు. నేనూ అదే అడిగాను. "సరిగ్గా వస్తే దానంతటదే వచ్చిందంటారు మామయ్యా. రాకపోతే నేను చెడగొట్టినట్టు" అంది. నా కొడుకు సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు.

రాజ్ కుమార్ వచ్చిన పూట దుకాణంలో చెంచమ్మ కూడా ఉంది, కూతురి హాల్ టికెట్ కోసం. సుశీల్ కుర్చీలో కూర్చున్నాడు. షారన్ వెనక నిలబడింది. ప్రోగ్రాం నడిపారు. మళ్లీ ఎర్ర గుర్తు.

"పాత సరుకన్నా ఇది. పాత ఇనుము కింద తీసుకుపోతా" అన్నాడు రాజ్ కుమార్.

"తీసుకుపో" అన్నాడు నా కొడుకు. తీగ పీకడానికి వంగాడు.

అప్పుడు తనకు ఏమనిపించిందో షారన్ చెప్పింది. కోపం కాదట. అతని తల మధ్యలో పలచబడ్డ జుట్టు కనిపించిందట. ఇన్నేళ్లుగా ఎదురుగా చూసిన ముఖం కంటే ఆ నడినెత్తినే ఎక్కువ చూశాననిపించిందట. తన చదువంతా ఆ నెత్తి మీదుగానే తెర దాకా పోవాల్సి వచ్చింది.

"లేవండి" అంది.

నేను గుమ్మంలోనే ఉన్నాను. గట్టిగా అనలేదు. చివర ఏమీ తగిలించలేదు.

సుశీల్ వెనక్కి చూశాడు. తర్వాత రాజ్ కుమార్‌ను చూశాడు. లేచాడు. షారన్ కూర్చుంది. కంప్యూటర్ ఆపి, మళ్లీ వెలిగించి, తెర నల్లగా ఉండగానే ఒక మీట నొక్కింది. నీలం పేజీ తెరుచుకుంది. అందులో ఆ చిప్పును ఆన్ చేసి, భద్రపరిచి బయటికొచ్చింది. ప్రోగ్రాం మళ్లీ నడిపింది. ఈసారి ఆకుపచ్చ గుర్తు.

రాజ్ కుమార్ మెల్లగా సంచీ మూసుకున్నాడు. నా కొడుకు నవ్వాడు. "మొన్న నేను చెప్పినాలే. నేర్పిస్తే నేర్చుకుంటది" అన్నాడు.

ఆ మాట నేను చెవులారా విన్నాను. క్షమించను.

షారన్ తల తిప్పలేదు. "చెంచమ్మక్కా, నీ బిడ్డ నంబరు చెప్పు" అంది. చెంచమ్మ సుశీల్ వైపు ఒకసారి చూసి, నంబరు షారన్‌కు చెప్పింది. ప్రింటు తీసుకుని, "వస్తా షారన్" అని వెళ్లింది. అంతకుముందు ఎప్పుడూ ఆమెను పేరుతో పిలవలేదు.

ఆ సాయంత్రం వంటింట్లో షారన్ అంది, "ఇకమీదట నేను నిలబడి పని చెయ్యను మామయ్యా." బియ్యం పొయ్యి మీద పెట్టమని నాకు చెప్పి దుకాణంలోకి వెళ్లి కూర్చుంది. నేను పెట్టాను.

సుశీల్ అలిగి కొడవలూరులో అక్క ఇంటికి వెళ్లాడు. దుకాణం నడుస్తోంది. జయరామయ్య దాణాకు వేరే గది చూసుకున్నాడు. ఆ అక్క, నా కూతురు పుష్పకుమారి, ఫోన్ చేసింది.

"మొగుణ్ణి పట్టుకోని పదిమందిలో లేవమంటదా నాన్నా? నువ్వన్నా చెప్పు. ఆ పిల్ల ఒక్క మాట క్షమించమంటే వాడొచ్చేస్తాడు."

"పని చేసే మనిషి కూర్చోవాలంటే ఇంకో మనిషి లేవాల. లేవమనింది, లేచినాడు. వస్తే రమ్మను, లేకుంటే ఆడనే ఉండమను. ఈ మాట నా దగ్గర నువ్వెత్తొద్దు, వాడెత్తొద్దు. నేనూ ఇంక ఎత్తను."

ఆమె ఇంకా ఏదో అంటోంది. ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత చర్చి పెద్దలు అడిగారు, బంధువులు అడిగారు. ఎవరికీ జవాబు చెప్పలేదు. చెప్పను.