నలభై ఎనిమిదో సెగ్గడ్డ

ఇది అబద్ధమనే మొనగాడు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేచి చెయ్యెత్తాలి. ఎత్తిన చెయ్యి కథ ముగిసేదాకా దించకూడదు, అదీ షరతు. ఎవరూ లేరా? సరే, అందరూ నమ్మినట్టే.

కేరళలో కర్కాటక మాసపు వాన నిళానది మీద దబదబా కొడుతున్నా, కుంజాండి రోజూ తెల్లవారకముందే ఏనుగును లేపేవాడు. చెంతామరాక్షన్ దాని పేరు. ఎంత ఎత్తంటే, పొద్దున్న నెత్తిన పడ్డ చినుకు కాళ్లదాకా జారేసరికి భోజనాల వేళయ్యేది. దాన్ని రేవులో పడుకోబెట్టి, కొబ్బరిపీచుతో మూడు గంటలు తోమి, బియ్యం, పెసలు, రాగులు ఉడికించి లేహ్యం దట్టించిన ముద్దలు నోటికి అందించేవాడు. ఉత్సవాలుండని ఆ వాననెలలో ఏనుగులకు విశ్రాంతీ మందూ. ఏనుగుకు ఒక ముద్ద పెట్టినప్పుడల్లా నిమ్మకాయంత లేహ్యం తన నోట్లోనూ వేసుకునేవాడు కుంజాండి. అంత జంతువుకే బలమిచ్చేది మనిషికి ఇవ్వదా అని ఆయన వాదన. ఇరవై రెండేళ్లుగా ఆ మెడమీద కూర్చున్న మావటి మరి! ఒక వేసవిలో అరవై ఉత్సవాలు, మధ్యలో కునుకన్నది లేకుండా నడిపించాడు. ఆవులింత వస్తే అది కూడా ఏనుగు చేతే ఆవులింపజేసేవాడు.

అలాంటివాణ్ణి కూర్చోనివ్వకుండా చేసినవి సెగ్గడ్డలు. మూడేళ్లుగా ఒకటి తగ్గితే ఇంకొకటి, సరిగ్గా ఏనుగు మెడకు తొడ ఆనే చోట. గడ్డ పండగానే గొంతు సవరించుకుని, "కుంజాండీ, ఒక మాట..." అని మొదలుపెట్టేది. ఆయనకు ఓపికేదీ? చొక్కా జేబులోంచి దబ్బనం తీసి, దీపంమీద కాల్చి, కసుక్కున పొడిచేవాడు. మాట అక్కడే తెగేది. రెండు రోజులు హాయి. వారం తిరక్కుండా పక్కనే ఇంకోటి. అలా నలభై ఏడు గడ్డలు నోరు తెరిచి, రెండో మాట అనకుండానే పోయాయి.

ఒకనాడు ఏనుగు యజమాని మేనోన్ గొడుగు వేసుకుని వచ్చాడు.

"కుంజాండీ, వచ్చే నెల, సింహమాసం మొదటి రోజున దీన్ని గుడికి పంపాలి. ఎక్కి కూర్చుంటావా, కొత్తవాణ్ణి పిలిపించమంటావా?"

"కూర్చుంటానండీ."

"పోయినసారీ అదే అన్నావు. తీరా చూస్తే ఏనుగెక్కకుండా దానికి ముందు, నీ కాళ్లు ఎడంగా వేసుకుంటూ నడిచావు. జనం ఏనుగును వదిలేసి నిన్ను చూశారయ్యా!"

కుంజాండి నవ్వలేకపోయాడు. కొత్త మావటి వస్తే ఏం జరుగుతుందో ఆయనకు తెలుసు. ఏనుగు నాలుగు కాళ్లకూ గొలుసులేసి, తన మాట వినేదాకా అయిదారుగురు కలిసి కర్రలతో బాదడం అక్కడి రివాజు. ఇరవై రెండేళ్లలో చెంతామరాక్షన్ మీద కుంజాండి గట్టిగా వేసిన దెబ్బ ఒక్కటీ లేదు.

ఆ సాయంత్రం ఆయన చారెడు గంజి కూడా మింగలేకపోయాడు. భార్య కార్త్యాయని పంచె కొంగు పట్టుకుని లేవదీసింది. "నీ దబ్బనం వైద్యం చాలుగానీ, పద, వైద్యురాలు ఇట్టిచ్చిరి అమ్మ దగ్గరికి."

ఇట్టిచ్చిరి అమ్మ వైద్యం సామాన్యమైంది కాదు. గుమ్మంలో రోగి నీడ పడితే చాలు, వాళ్లింట్లో పోయిన వారం ఏ కూర వండారో చెప్పేది. కుంజాండిని బల్లమీద బోర్లా పడుకోబెట్టింది.

"పథ్యం చేస్తున్నావురా?"

"గంజి తప్ప ముట్టనమ్మా. మీ కాళ్లమీద ఒట్టు."

తొడమీది గడ్డ గొంతు సవరించుకుంది. కుంజాండి చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. ఆవిడ దబ్బనం లాక్కుని చూరులో గుచ్చింది.

"ఒకరు మాట్లాడుతుంటే పొడుస్తావేంట్రా, మర్యాద లేదూ? నువ్వు చెప్పవే తల్లీ."

"ఒక మాట," అంది గడ్డ బొంగురుగా. "నిన్న రెండు సీసాల కల్లు. వేయించిన చేపలు పన్నెండు. ఏనుగు లేహ్యం దోసెడు. తడిపంచె విప్పి మూడు రోజులైంది. ఏనుగును తుడిచిన గుడ్డతోనే తనూ తుడుచుకుంటాడు."

"పన్నెండా!" అంది కార్త్యాయని. "నాలుగే తిన్నానని నాతో చెప్పావు కదయ్యా!"

"చిన్న చేపలే," అని గొణిగాడు కుంజాండి.

"అసలు మాట ఇంకా ఉంది," అంది గడ్డ. "ఇతని రక్తంలో తీపి చేరింది. మేం పుట్టే చోటంతా పానకమే. నాకు ముందు వచ్చిన నలభై ఏడుగురూ ఇది చెప్పడానికే వచ్చారు. వీళ్ల నాన్న పాదంమీద లేచిన పుండు కూడా ఇదే చెప్పబోయింది. ఎవరూ విన్లేదు."

కుంజాండి తండ్రికి ముందు పాదం తీశారు, తర్వాత మోకాలిదాకా తీశారు, ఆ తర్వాత మనిషే లేడు. బల్లమీద బోర్లా పడుకున్న మనిషి అలాగే ఉండి ఏడ్చాడు.

మర్నాడు ఇట్టిచ్చిరి అమ్మే వెంటపెట్టుకెళ్లి సర్కారు దవాఖానాలో రక్తం పరీక్ష చేయించింది. గడ్డ చెప్పింది చెప్పినట్టు కాగితంమీద ఉంది. "డాక్టరమ్మ మాత్రలూ మానకు, నా కషాయమూ మానకు," అందావిడ. వేపచెక్క, తిప్పతీగ, సుగంధిపాల, మంజిష్ఠ, త్రిఫల కలిపి, ఎనిమిది గిన్నెల నీళ్లు ఒక గిన్నె అయ్యేదాకా మరిగించిన కషాయం. ఆ ఆవిరి సోకిన కాకులు వారం రోజులు ఎవరి పెరట్లోనూ అరవలేదు, అంత చేదు! గడ్డమీద పసుపూ మునగాకూ నూరిన కట్టు. కల్లు బంద్, వేపుడు బంద్, లేహ్యం ఏనుగుకే. పొడి పంచె రోజుకు రెండుసార్లు, విడి తువ్వాలు, పెందలాడే నిద్ర, తెల్లారి వానలో గొడుగేసుకుని రెండు మైళ్ల నడక.

ఇరవై ఆరో రోజున గడ్డ ఎండి గింజంత అయింది. గొంతు కూడా సన్నబడింది.

"ఇక వెళ్తాను, కుంజాండీ."

ఆయన చేతులు జోడించాడు. "మీవాళ్లందర్నీ పొడిచాను. అయినా ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉన్నారు. సొంత అన్నదమ్ములైనా ఇంత ఓపిక పట్టరమ్మా."

"మరి నడక మానకు," అంది గడ్డ. కట్టు విప్పేసరికి అక్కడ మచ్చ మాత్రమే ఉంది.

సింహమాసం మొదటి రోజున, ఎందుకైనా మంచిదని మేనోన్ పిలిపించిన కొత్త మావటి వచ్చేశాడు. వెంట అయిదుగురు మనుషులు, భుజాలమీద పచ్చి కర్రలు. మేనోన్ గొడుగు కింద నిలబడ్డాడు. చెంతామరాక్షన్ ఆ కర్రలను చూసి వెనక్కి ఒకడుగు వేసింది.

కుంజాండి దాని చెవి పట్టుకుని, ఎత్తిన ముంగాలి మీద పాదం మోపి, ఒక్క ఊపున మెడమీదికి చేరాడు. ఆ ఊపుకు వీచిన గాలికి మేనోన్ గొడుగు తిరగబడింది. నొప్పి కోసం కళ్లు మూసుకుని ఎదురుచూశాడు. రాలేదు. రెండు తొడలూ ఆనించి గట్టిగా కూర్చున్నాడు. కింద ఆ కొండంత శరీరం ఒక్కసారి నిట్టూర్చి, చెవులు ఆడించడం మొదలుపెట్టింది.

"పదరా నాయనా," అన్నాడు కుంజాండి. ఏనుగు గుడివైపు నడిచింది. తెచ్చిన కర్రలు ఇట్టిచ్చిరి అమ్మ పొయ్యిలోకి వెళ్లాయి. మూడు రోజుల కషాయం వాటిమీదే మరిగింది.

సాక్ష్యం కావాలంటే ఆ కొత్త మావటినే అడగండి. చేతికందిన ఉద్యోగం పోగొట్టుకున్నవాడు ఎదుటివాడి గొప్పకోసం అబద్ధమాడడు కదా! పుదుశ్శేరి మనిషి. పేరు మాణిక్కన్.