సాయంత్రం కొలత

పై గుండీ పెట్టి రెండో గుండీ దగ్గరకు వచ్చేసరికి నాన్న చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. ముందుంటే అవి బుల్లి పనికి అడ్డం వస్తాయి. వణుకు మొదలై మూడేళ్ళయింది. గ్లాసు పట్టుకుంటే సగం నీళ్ళు చొక్కాయే తాగుతుంది. ఆ చొక్కాకి గుండీలు పెట్టడం పెద్దకూతురు బుల్లికి రోజూ పొద్దుటి పని.

"కాస్త ఊపిరి బిగబట్టు నాన్నా, పొట్ట దగ్గర అందట్లేదు."

"నాకు పొట్టెక్కడుందే? ఆ కాజా కుట్టినవాణ్ణి అడుగు."

అన్నిటికన్నా ఆఖరున జేబులో అడుగుబద్ద పెట్టాలి. మడతలు పడే చెక్కబద్ద. అంకెలు సగం అరిగిపోయాయి. ఆయన చొక్కాలన్నిటికీ ఆ జేబు ఒక పక్కకి సాగిపోయి ఉంటుంది. ఉలి పట్టలేని వడ్రంగికి బద్దెందుకని ఎవరూ అడగరు. వీధి చివర తలుపుల మేస్త్రి ఇప్పటికీ రోజూ కబురు పెడతాడు. ఆయన వెళ్ళి, నిలబెట్టిన ద్వారబంధం ముందు ఒక కన్ను మూసి, "ఎడం పక్క నూలుపోగంత ఎక్కువుందిరా" అంటాడు. బద్ద పెట్టి చూస్తే ఉంటుంది. చేతులు పోయినా పెద్దమేస్త్రి కొలత పోలేదని వీధంతా అంటుంది. ఆయన పొద్దున్నే లేచి చొక్కా తొడుక్కునేది ఆ ఒక్క మాట కోసమే.

ఆయన గడప దాటాక, ఆరింటికల్లా బుల్లి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. ఎక్కడెక్కడి డాక్టర్లో రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటలు విని, టైపు చేసి పంపాలి. పది గంటలు. తొమ్మిదేళ్ళుగా ప్లాస్టిక్ కుర్చీలో, కింద మడతపెట్టిన దుప్పటితో, వెనక దిండుతో. ఊరందరి వెన్నుపూసల సంగతీ టైపు చేసిన మనిషికి తన వెన్ను గురించి రాసిన కాగితం చేతికొచ్చినప్పుడు ఒక్క మాటకి కూడా అర్థం అడగాల్సిన పని లేకపోయింది.

"కుర్చీ మారుస్తావా, పని మారుస్తావా?" అన్నాడు డాక్టరు.

పని మారిస్తే ఇల్లు గడవదు. బట్టల కొట్లో నిలబడే చెల్లెలి జీతం ఒక్కటే మిగులుతుంది. దుకాణంలో కుర్చీలు చూసొచ్చింది. దేంట్లో కూర్చున్నా ఆమె కాళ్ళు నేలకి ఆనలేదు.

"అవన్నీ పొడుగాటి మగాళ్ళకి చేసినవి," అన్నాడు నాన్న. "నీ ఒంటికి సరిపోయేది నువ్వే చేసుకుంటావు. నేను చెప్తాను, నువ్వు కొయ్యి."

"కర్ర?"

ఆయన వసారా వైపు చూశాడు. అక్కడ ఆయన పనిబల్ల ఉంది. మందపాటి గట్టి చెక్క. మీద వేల ఉలిదెబ్బలు.

"దాన్ని కోస్తే నువ్వూ రెండు ముక్కలవుతావు నాన్నా," అంది చెల్లెలు.

"ఉలి పట్టనివాడికి బల్లెందుకే? నీ బట్టలారేసుకోడానికా?" అన్నాడాయన. నవ్వలేదు.

కొలతలకి ఒక సన్నని కర్రబద్ద ఇచ్చాడు. కూర్చుని, నేల నుంచి మోకాలి మడతదాకా ఎంతో, మోచేతిదాకా ఎంతో, నడుము దగ్గర వెన్ను లోపలికి వంగే పల్లందాకా ఎంతో, చాకుతో దానిమీద గాట్లు పెట్టాలి. గాటు పెట్టడానికి రెండో మనిషి కావాలి. తన చేతులు ఆ పనికి పనికిరావు కాబట్టి చెల్లెల్ని పెట్టుకోమన్నాడు. ఒక్కటే నియమం.

"పొద్దున్నే తియ్యాలి. మొహం కూడా కడక్కముందు. రాత్రి పడుకుని లేచాకే ఒళ్ళు దాని అసలు పొడవుకొస్తుంది. సాయంత్రానికి కుంగిపోతుంది. కుంగిన ఒంటికి కుర్చీ చేశావనుకో, అది నిన్ను కుంగినట్టే పట్టి ఉంచుతుంది. నేను చేసిన కుర్చీలన్నీ పొద్దుటి కొలతకే చేశాను, తెలుసా?"

"తెలుసు నాన్నా."

తెలుసు. కానీ పొద్దున్నే నీళ్ళు పట్టాలి, వంట కానివ్వాలి, గుండీలు పెట్టాలి, ఆరు దాటితే ఆఫీసు వాళ్ళు గైర్హాజరు వేస్తారు. చెల్లెలు చూస్తే ఎనిమిదిదాకా మంచానికి మేకు కొట్టినట్టు పడుకుంటుంది. నాలుగు పొద్దులు అలాగే గడిచాయి. ఐదో రోజు సాయంత్రం, హెడ్‌ఫోన్లు తీసి, గోడ పట్టుకుని బుల్లి లేస్తున్నప్పుడు చెల్లెలు కొట్టు నుంచి వచ్చింది.

"చెప్పులు తర్వాత విప్పుదువుగాని, ఆ బద్ద పట్టుకురా. ఇప్పుడే కానిచ్చేద్దాం."

"నాన్న పొద్దున్నే అన్నాడుగా?"

"పొద్దున్న నిన్ను లేపేదెవరు? ఏనుగా? ఏముందే, నూలుపోగంత తేడా వస్తుంది. దిండు పెట్టుకుంటాలే."

చెల్లెలు గాట్లు పెట్టింది. పది గంటల నొప్పి తప్పించుకోడానికి బుల్లి ఒళ్ళు ఎడం పక్కకి ఒరిగి ఉంది. అలా ఒరగడం అలవాటై ఎన్నాళ్ళయిందో, తను నిటారుగానే కూర్చున్నాననుకుంది.

మర్నాడు నాన్న ఆ బద్దని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పొద్దున్న తీశారుగా?"

"ఆ, పొద్దున్నే," అంది బుల్లి. తినకుండా తిన్నానని చెప్పినంత తేలిగ్గా అంది.

ఆరు ఆదివారాలు పట్టింది. మొదటి ఆదివారం బల్లమీద రంపం పెట్టినప్పుడు ఆయన వీధివైపు తిరిగి నిలబడ్డాడు. చప్పుడు వింటూ వీపుతోనే తిట్టాడు.

"దాని మీద పడకే! రంపానికి నీ మీద కోపం లేదు, నీకెందుకు దాని మీద? లాగేప్పుడు లాగు, తోసేప్పుడు ఊరుకో."

కుర్చీ కాళ్ళు కోసింది. పీట మధ్యలో చెక్క తొలిచి, కూర్చుంటే ఒదిగేలా పల్లం చేసింది. అంచు మోకాలి వెనక రక్తాన్ని నొక్కకుండా గుండ్రంగా చిత్రిక పట్టింది. కాలి కొనని పీట బెజ్జంలోకి కొట్టినప్పుడు ఎక్కడా కదల్లేదు. వీపు చెక్కకి నడుము దగ్గర మిట్ట ఎంత ఎత్తులో ఉండాలో మాత్రం ఆయనే గాట్లు చూసి, లెక్కగట్టి, వణికే బొగ్గుముక్కతో మూడుసార్లు చెరిపి గీశాడు. ఆ గీత దగ్గర బుల్లి ఉలి పెట్టింది. బల్ల మొత్తం కుర్చీకే అయిపోయింది. వసారాలో దాని కాళ్ళ కింద వెలిసిపోని నేల నాలుగు చదరాలుగా మిగిలింది.

తలుపుల మేస్త్రి చూడ్డానికొచ్చాడు. "చెయ్యి నీదమ్మా, కన్ను మాత్రం ఆయనది," అన్నాడు. నాన్న కుర్చీ చుట్టూ రెండుసార్లు తిరిగాడు, ఒక కన్ను మూసి.

"మిట్ట కాస్త దిగిందేమోనే?"

"లేదు నాన్నా, సరిగ్గా ఉంది," అంది బుల్లి. అప్పుడు సాయంత్రం. నిజంగానే సరిగ్గా ఉంది. తొమ్మిదేళ్ళ తర్వాత ఎక్కడా నొప్పి లేదు. ఒంటికి గొడుగు పట్టినట్టుంది. ఆయన ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

మూడు వారాలకి ఎడంకాలిలో చీమలు పాకడం మొదలైంది. కుర్చీ ఆమెని సాయంత్రం ఎలా ఉంటుందో పొద్దుటి నుంచే అలా పట్టి ఉంచుతోంది. ఒకరోజు లేవబోతే కాలు తనది కానట్టు ఉండిపోయింది. చెల్లెలు చంకల కింద చేతులేసి లేపింది. డాక్టరు కాగితం చూసి, వెన్నుపూస ఇదివరకటికన్నా జారిందన్నాడు. ఈసారి కుర్చీ గురించి అడగలేదు. ఆపరేషనుకి రోజు చూసుకోమన్నాడు.

మర్నాడు పొద్దున్న గుండీలు పెట్టించుకుని, అడుగుబద్ద జేబులో పడ్డాక కూడా నాన్న గడప వైపు కదల్లేదు.

"కూర్చో," అన్నాడు.

"ఆరవుతోంది నాన్నా."

"కూర్చోవే."

కూర్చుంది. ఆయన వెనకనుంచి ఆమె నడుముకీ చెక్కకీ మధ్య చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి ఎముకల మీద పిట్ట గుండెలా కొట్టుకుంది. పైకి జరిపాడు, కిందకి జరిపాడు. చాలాసేపు.

"రెండు వేళ్ళు కిందకుంది. పల్లంలో ఆనాల్సింది ఎముకని నెడుతోంది. ఒరిగి కూడా ఉంది." మూలనుంచి గాట్ల బద్ద తీసి చూసుకున్నాడు. "కొలత పొద్దుటిదేగా?"

చెల్లెలు ఆ రోజు మాటల చప్పుడికి ముందే లేచి, నోట్లో బ్రష్షుతో గుమ్మంలో నిలబడింది. బుల్లి చూపు వసారాలోని ఆ నాలుగు చదరాల మీద పడింది. నీ బల్లని నేను నా బద్ధకానికి కోసేశాను నాన్నా అని ఎలా చెప్పడం? ఆ మాటకి పెద్ద నోరు కావాలి. చిన్న నోటికి చిన్న మాటే వచ్చింది.

"పొద్దుటిదే, నాన్నా."

ఆయన తల ఊపాడు. తిడతాడనుకుంది. గాట్లు సరిగ్గా పెట్టలేదని చెల్లెల్ని అంటాడనుకుంది. చెల్లెలు బ్రష్షు తీసి "అక్కా" అంది. అంతే అంది.

"అయితే లెక్క నాది," అన్నాడు నాన్న, కుర్చీతో చెబుతున్నట్టు. "గీసింది నేను. చుట్టూ తిరిగి చూసింది కూడా నేనే. రెండు వేళ్ళు... నాకు కనబడలేదు."

అప్పుడు తెలిసింది బుల్లికి, తన మాట ఎక్కడికెళ్ళి తగిలిందో. మెడకి తగిలించుకున్న హెడ్‌ఫోన్లలో ఆరుగంటల గంట మోగింది. ఎవరో డాక్టరు, ఎవరో ముసలాయన గురించి, వయసు డెబ్భై, కుడిచెయ్యి, అని చెప్పడం మొదలుపెట్టాడు. వేళ్ళు వాటంతటవే మీటల మీదకి వెళ్ళాయి.

వీధిలోంచి తలుపుల మేస్త్రి కేకేశాడు. "పెద్దమేస్త్రీ! బంధం నిలబెట్టాం, ఒక్కసారి చూసి పోదురుగాని రండి!"

నాన్న జేబులోంచి అడుగుబద్ద తీశాడు. ఆమె టైపు చేస్తున్న మీటల పక్కన కంప్యూటర్ బల్లమీద పెట్టాడు. చెయ్యి తీసేలోగా అది రెండుసార్లు టకటకమంది. జేబు ఖాళీ అయినా అలాగే ఒక పక్కకి సాగి వేలాడింది.

బుల్లి లేవబోయింది. ఎడంకాలు లేవలేదు. కాలికే తిమ్మిరి, నోటికి కాదు. ఒక్క మాట చాలు, సాయంత్రం అన్న ఒక్క మాట. చెల్లెలు ఆ మాట కోసం ఆమె మొహంలోకే చూస్తోంది.

నాన్న చెప్పులు వేసుకుని, మేస్త్రి పిలిచిన వైపు కాకుండా రెండో వైపు తిరిగి వెళ్ళిపోయాడు.