పసుపు వైరు, ఎర్ర వైరు

"కారు నడపడానికి కళ్ళు కావాలి గానీ, చెవులెందుకు నీకు?" అన్నాడు భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ. తన మాటకి తనే నవ్వుకుని, కొత్త కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె అడిగింది చిన్న సంగతే. పాత కారులో రేడియో పాడైంది, ఆదివారం ఒకసారి చూస్తారా అని. కొన్నాళ్ళుగా అది గతుకుల మీద మాత్రమే పాడుతూ వచ్చింది. రోడ్డు నున్నగా ఉంటే మూగబోయేది, గుంట తగిలితే గొంతు విప్పేది. పాట కోసం కావాలనే గుంటల్లోంచి పోనిచ్చిన రోజులు కూడా ఉన్నాయి. ఇప్పుడు ఆ గుంటలకీ పలకడం మానేసింది.

భర్త కొత్త కారు కొనుక్కున్నప్పుడు, పాతది "నీకిచ్చేస్తున్నా" అన్నాడు, బహుమానం ఇచ్చినట్టు. ఆ బహుమానంతో పాటే కూతుర్ని బడిలో దింపడం, అత్తగారిని మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం, కూరలు, ఇస్త్రీ బట్టలు అన్నీ ఆమె వాటాకొచ్చాయి. బడికీ, ఆమె పనిచేసే పళ్ళ డాక్టరు క్లినిక్కుకీ మధ్య మాత్రం ఒక పొడవాటి రోడ్డుంది. ఆ రోడ్డు మీద నా సాక్సేవి అని గానీ, నా మాత్రలేవి అని గానీ, ఇంకెంతసేపు కూర్చోబెడతారు మేడమ్ అని గానీ ఆమెను ఎవరూ అడగరు. ఆ కాసేపూ అద్దాలెత్తేసి, రేడియో పెంచి, వచ్చీరాని మాటలతో గొంతెత్తి పాడేది. నచ్చని పాటొస్తే మార్చేసేది. తనకేది నచ్చిందో, ఏది నచ్చలేదో రోజు మొత్తంలో ఆమె తేల్చుకునేది అక్కడొక్కచోటే. భర్త పక్కనుంటే అదీ లేదు. ఆయన నడుపుతుంటే "నడిపేవాళ్ళదే పాట" అంటాడు. ఆమె నడుపుతుంటే "నువ్వు రోడ్డు చూడు, పాట సంగతి నేను చూస్తా" అంటాడు.

ఆదివారాలు వచ్చాయి, పోయాయి. మళ్ళీ అడగబోయి ఆగిపోయింది. నా పాట కోసం ఇంకొకళ్ళ తీరిక దాకా నేనెందుకు కాచుక్కూర్చోవాలి అనిపించింది. ఆ సాయంత్రం క్లినిక్ నుంచి నేరుగా కార్ల సామాన్ల దుకాణానికి వెళ్ళి, కొత్త రేడియో కావాలంది.

దుకాణదారు ఆమె భుజం మీదుగా వెనక్కి తొంగిచూశాడు. "సార్ రాలేదా మేడమ్?"

"లేదండీ."

"సార్‌ని పంపండి. వైర్ల వ్యవహారం, ఆయనకైతే వివరంగా చెప్పొచ్చు."

"బండి నాది. వినేదీ నేనే. నాకే చెప్పండి."

అతను ఒక అట్టపెట్టె విప్పాడు. గుండ్రటి మీటతో ఉన్న చిన్న రేడియో సెట్టు తీసుకుంది. బిగించే మెకానిక్ వచ్చే వారం దాకా దొరకడన్నాడు. "నేనే బిగించుకుంటా లెండి" అంది. ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే తెలియదు.

ఆదివారం పొద్దున ఫోన్లో వీడియో పెట్టుకుని పనిలోకి దిగింది. బ్యాటరీ వైరు ఊడదీసి, రెండు సన్నటి రేకుముక్కలు పక్కల్లో గుచ్చి పాత సెట్టు లాగితే, దాని వెనక చిక్కుపడ్డ వైర్ల కట్ట బయటపడింది. ఒక్క క్షణం నీరుగారిపోయింది. తర్వాత నవ్వొచ్చింది. రోజూ బడికి టైమైపోతుంటే కూతురి జుట్టు చిక్కు తీసే చేతులివి. ఇదేపాటి?

రంగుకి రంగు కలిపి, బ్యాటరీ తగిలిస్తే కొత్త సెట్టు పాడింది. కానీ కారు ఆపి మళ్ళీ తాళం తిప్పితే, పెట్టిన స్టేషన్లన్నీ మర్చిపోయి కూర్చుంది. గుమ్మంలో నిలబడి చూస్తున్న భర్త "చెప్పానా? మెకానిక్ పని మెకానిక్కే చెయ్యాలి" అని లోపలికెళ్ళిపోయాడు. తాళం తీస్తేనే మర్చిపోతోందంటే... ఆమె మళ్ళీ వైర్ల మీదికి వంగింది.

అప్పుడొచ్చింది అత్తగారు. చీవాట్లు తప్పవనుకుంది.

"ఇంకా అవలేదా అమ్మాయ్?"

"కాస్త లైటు పట్టుకుంటారా అత్తయ్యా?"

అత్తగారు ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చుంటుంది. ఇప్పుడు మోకాళ్ళు పట్టుకుంటూ ముందు సీట్లో కూలబడి, ఫోన్ లైటు అందుకుంది. "ఎందుకట ఆ మతిమరుపు?"

"ఈ పసుపు వైరుకి బండి ఆపినా కరెంటు వస్తూనే ఉండాలి. దాంతోనే గుర్తుపెట్టుకుంటుంది. ఎర్రదానికి తాళం తిప్పినప్పుడొస్తే చాలు. ఈ పాత బండిలో రెండూ తారుమారుగా ఉన్నాయత్తయ్యా."

"దానికీ తనకంటూ కాస్త ఉండాలన్నమాట," అంది అత్తగారు.

బ్యాటరీ వైరు మళ్ళీ ఊడదీసి, రెండు వైర్లూ అటుదిటు, ఇటుదటు మార్చి టేపు చుట్టింది. బ్యాటరీ కలిపి, స్టేషను వెతికి పెట్టి, తాళం తీసేసి, మళ్ళీ తిప్పింది. అదే స్టేషను! ఇద్దరూ ఒక్కసారే కేక పెట్టారు. ఏదో పాత పాట. పల్లవి అయ్యేసరికి పక్కనుంచి సన్నగా, ఎక్కడా తడబడకుండా ఇంకో గొంతు కలిసింది.

"మీరు పాడతారా!"

"పెళ్ళికి ముందు పాడేదాన్ని. ఈ ఇంట్లో నన్నెవరూ పాడమనలేదు, మానమనీ అనలేదు. అదే పోయింది." అత్తగారు కళ్ళు తుడుచుకోలేదు, నవ్వింది. "తలుపెయ్యి. బండి తియ్యి."

"ఎక్కడికి? ఇవాళ డాక్టరుండడుగా?"

"డాక్టరెవడిక్కావాలే? ఊరికే."

ఇంజను చప్పుడు విని భర్త పరుగున గేటు దగ్గరికొచ్చాడు. "అమ్మా! ఎక్కడికి మీరిద్దరూ? మరి భోజనం?"

అత్తగారు అద్దం దించింది. "కూర పొయ్యి మీదుంది నాన్నా. ఉప్పింకా వెయ్యలేదు. రుచి చూసి వేసుకో."

కోడలు మొదటి గేరు వేసింది.